కొన్న పౌరత్వము – పుట్టిన పౌరత్వము

ధ్యాన భాగములు: అపొస్తలుల కార్యములు 22:24–29, ఫిలిప్పీయులకు 3:4–8, 20



ఒకప్పుడు మన తిరుపతి, చిత్తూరు ప్రాంతపు సంఘములలో విమానమెక్కిన వారిని వ్రేళ్లమీద లెక్కింపగలిగెడివారము. దూరప్రయాణమనగా రేణిగుంట జంక్షనులో రైలెక్కుటయే. ఇప్పుడట్లు కాదు. రేణిగుంట విమానాశ్రయమున 2015 అక్టోబరు 22న క్రొత్త టెర్మినలు ప్రారంభింపబడినది. మదరాసు విమానాశ్రయమును, బెంగుళూరు విమానాశ్రయమును కొన్ని గంటల దారిలోనే యున్నవి. ఆదివారపు ఆరాధనలో మన ప్రక్కన కూర్చుండువారిలో ఒకరి కుమారుడు అమెరికాలో నున్నాడు, ఒకరి కుమార్తె ఇంగ్లండులో నున్నది, ఒకరి అక్క కువైటులో నున్నది. వారి క్షేమము కొరకు ప్రార్థింపని వారము లేదు.

ఇట్లు తరచుగా ప్రయాణించుచున్న మన యువజనులలో కొందరికి ఒక ప్రశ్న కలుగుచున్నది. విమాన సంస్థలు ఇచ్చెడి జీవితకాలపు హోదా కొరకు పాటుపడుట తగునా, అని. ఇది సంఘ పత్రికలో చర్చింపదగిన సంగతియేనా యని కొందరు పెద్దలు తలంపవచ్చును. అయితే మనుష్యుడు దేనికొరకు తన సంవత్సరములను లెక్కించుచున్నాడో అది దేవుని వాక్యమునకు లోబడవలసిన సంగతియే. కాబట్టి ఈ నెల దీనినే ధ్యానింతము.

ముందుగా ఈ సంగతి తెలియని వారి నిమిత్తము కొంచెము వివరించెదము. 1981లో అమెరికను ఎయిర్‌లైన్స్ అను సంస్థ తనయొద్ద మాటిమాటికి టిక్కెట్టు కొనువారి మైళ్ళను లెక్కకట్టి బహుమానములిచ్చు పథకమును ప్రారంభించెను. పిమ్మట లోకములోని పెద్ద విమాన సంస్థలు చాలవరకు అదే త్రోవ పట్టినవి. మన దేశపు ఎయిర్ ఇండియాకు మహారాజా క్లబ్ అను పథకము కలదు. అందులో ఎఱుపు, వెండి, బంగారు, ప్లాటినము అను అంతస్తులున్నవి. పై అంతస్తునకు చేరినవాడు పొడుగాటి వరుసలో నిలువనక్కరలేదు, ముందుగా విమానమెక్కును, ఎక్కువ సామాను తీసికొనిపోవును, విమానము వచ్చువరకు ప్రత్యేకమైన విశ్రాంతి గదిలో కూర్చుండి భోజనము చేయును. సాధారణముగా ఈ హోదా ఏడాదికొకసారి క్రొత్తగా సంపాదించుకొనవలసినది. సంపాదింపలేనివాడు క్రింది మెట్టునకు దిగును. అయితే కొన్ని సంస్థలు ఒక హద్దు పెట్టి, దానిని దాటినవానికి బ్రదికినంతకాలము ఆ హోదా నిచ్చునట్లు చెప్పుచున్నవి. అమెరికాలోని యునైటెడ్ సంస్థ తన విమానములలో పది లక్షల మైళ్ళు ప్రయాణించినవానికి జీవితకాలపు బంగారు హోదా నిచ్చును. అతని భార్యకును అదే మర్యాద. ఆస్ట్రేలియాలోని క్వాంటాస్ సంస్థ తన లెక్కలో 14,000 గుణములు కూడబెట్టినవానికి జీవితకాలపు బంగారు హోదా నిచ్చును.

ఇందులో పాపమేమియు లేదు. ఈ మాట స్పష్టముగా చెప్పవలెను. ఒక సహోదరుడు తన ఉద్యోగమును బట్టి నెలకు రెండుసార్లు విమానమెక్కవలసినవాడైన యెడల, మైళ్ళు తమంతట తామే పోగగును. వాటివలన వచ్చు సౌకర్యమును కృతజ్ఞతతో అనుభవింపవచ్చును. నడుము నొప్పితో పదునెనిమిది గంటలు ప్రయాణము చేసినవానికి ఒక మంచి కుర్చీయు, ఒక కప్పు కాఫీయు దొరుకుట చిన్న మేలు కాదు. కాబట్టి హోదా కలిగియుండుట తగునా యనుట ప్రశ్న కాదు. దానిని గురిగా పెట్టుకొని పరుగెత్తుట తగునా యనునదే ప్రశ్న.

ఆ పరుగు ఎంత దూరమో లెక్క చూతము. మదరాసు నుండి న్యూయార్కునకు రమారమి 8,500 మైళ్ళు, పోయిరాగా 17,000. ఏడాదికొకసారి ఇంటికి వచ్చిపోవువాడు పది లక్షల మైళ్ళు పూర్తిచేయవలెనన్న దాదాపు 60 ఏండ్లు పట్టును. అదియు ప్రతిసారి ఆ సంస్థ విమానమే యెక్కినప్పుడు. గల్ఫు దేశముల విమానములలో వచ్చిన మైళ్ళు ఆ పది లక్షలలో చేరవు. మోషే ప్రార్థనయైన తొంబదియవ కీర్తనలో మనుష్యుని ఆయుష్కాలము డెబ్బది సంవత్సరములనియు, బలమున్న యెడల ఎనుబదియనియు లెక్కకట్టబడినది. ఆ కీర్తనయే మన దినములు లెక్కించుట నేర్పుమని దేవుని వేడుకొనుచున్నది. దినములను లెక్కించుటకు బదులు మైళ్ళను లెక్కించువాడు ఏ జ్ఞానమును సంపాదించును?

ఇప్పుడు మన ధ్యాన భాగమునకు వత్తము. యెరూషలేములో అల్లరి పుట్టినది. రోమా సైన్యపు సహస్రాధిపతి పౌలును పట్టుకొని కోటలోనికి తెచ్చెను. కొరడాలతో కొట్టి సంగతి రాబట్టవలెనని వారులతో కట్టించుచుండగా, పౌలు ప్రక్కనున్న శతాధిపతిని ఒకే ఒక ప్రశ్న అడిగెను: తీర్పు లేకుండ రోమా పౌరుని కొట్టుటకు మీకు అధికారమున్నదా? ఆ మాట విని సహస్రాధిపతి పరుగున వచ్చెను. తాను ఆ పౌరత్వమును ఎంతో సొమ్ము పోసి కొనుక్కొన్న సంగతి చెప్పెను. పౌలు జవాబు చిన్నది. తనకు అది పుట్టుకతోనే వచ్చినదనెను.

ప్రియులారా, ఈ ఇద్దరిని ఎదురెదురుగా నిలిపి చూడుడి. ఒకడు కవచము తొడిగి వేయిమందికి అధికారిగా నున్నాడు. ఇంకొకడు వారులతో కట్టబడియున్నాడు. అయినను భయపడినవాడు కట్టబడినవాడు కాదు, కట్టినవాడు. కొనుక్కొన్న హోదాకును పుట్టుకతో వచ్చిన హోదాకును గల భేదము ఆ కోటలో బయలుపడినది.

ఆ సహస్రాధిపతి పేరు క్లౌదియ లూసియ యని ఇరువదిమూడవ అధ్యాయములో చదువుదుము. క్లౌదియ చక్రవర్తి కాలమున పౌరత్వము పొందినవారు ఆ చక్రవర్తి పేరు పెట్టుకొనుట వాడుక గనుక, ఇతడును అప్పుడే కొనియుండునని పండితులు తలంచుచున్నారు. ఆ కాలమును గూర్చి దియో కాస్సియు అను చరిత్రకారుడు వ్రాసిన సంగతి వినదగినది. మొదట రోమా పౌరత్వము గొప్ప వెలకు అమ్మబడెనట. పోను పోను అది ఎంత చౌకయైపోయెననగా, పగిలిన గాజు పెంకులిచ్చినను దొరకునని జనులు ఎగతాళి చేసిరట. ఆ తరువాత క్రీ.శ. 212లో కరకల్లా చక్రవర్తి సామ్రాజ్యములోని స్వతంత్రులందరికిని దాదాపుగా ఆ పౌరత్వమును ఉచితముగా పంచిపెట్టెను. సహస్రాధిపతి పోసిన సొమ్మునకు విలువ ఏమైనది? అమ్మినవాడు బ్రదికియుండగానే సరుకు విలువ పడిపోయినది. తుదకు ఆ సామ్రాజ్యమే లేకుండ పోయినది.

మన కాలపు జీవితకాలపు హోదాలకును ఇదియే గతి పట్టుట మనము కన్నులార చూచుచున్నాము. జీవితకాలము అను మాట వినినప్పుడు మనము అడుగవలసినది: ఎవరి జీవితకాలము? ప్రయాణికునిదా, విమాన సంస్థదా? లోకమంతటను పేరుపొందిన పాన్ అమెరికన్ సంస్థ 1991 డిసెంబరు 4న మూతపడినది. మన దేశములో 2005లో ఆడంబరముగా బయలుదేరిన కింగ్‌ఫిషర్ విమానములు 2012 అక్టోబరులో నిలిచిపోయినవి. 1993లో ఎగురనారంభించిన జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్ 17న చివరి ప్రయాణము చేసి ఆగినది. దాని ప్లాటినము కార్డు జేబులో నున్నవారు మరునాడు విమానాశ్రయములో ఏ వరుసలో నిలువవలెను? 2015లో మొదలైన విస్తారా 2024 నవంబరు 12న ఎయిర్ ఇండియాలో కలిసిపోయినది. దాని సభ్యుల లెక్కలు మరియొక సంస్థ లెక్కలలోనికి మార్చబడినవి. ఆ పేరు మాత్రము ఆకాశములో మరల కనబడలేదు.

మూతపడని సంస్థలును హద్దురాళ్ళను జరుపుచున్నవి. బ్రిటిష్ ఎయిర్‌వేస్ సంస్థ జీవితకాలపు బంగారు హోదాకు 35,000 గుణములను హద్దుగా పెట్టియుండెను. 2025 ఏప్రిల్ నుండి లెక్క కట్టు విధమునే మార్చి, ఎంత దూరము ఏ తరగతిలో పోతివని గాక, ఎంత ధనము ఖర్చు పెట్టితివని ముఖ్యముగా చూచుచున్నది. సగము కొండ ఎక్కినవానికి శిఖరము వేరొక చోటికి జరిగినది. ఇంకను ఒక దృష్టాంతము. అదే 1981లో అమెరికను ఎయిర్‌లైన్స్ 2,50,000 డాలర్లకు జీవితకాలమంతయు మొదటి తరగతిలో ఎన్నిసార్లైనను తిరుగుటకు టిక్కెట్టు అమ్మెను. కొన్నవారిలో కొందరు విడువక తిరిగిరి. సంస్థకు నష్టము కలిగెను. కొంతకాలమునకు అమ్మకము ఆపివేసిరి. 2008లో ఆ టిక్కెట్టును దుర్వినియోగపరచిరను కారణము చూపి కొందరి హక్కును తీసివేసిరి. న్యాయస్థానములలో వ్యాజ్యములు నడిచినవి. ఎవరిది తప్పు, ఎవరిది ఒప్పు అని మనము తీర్పు తీర్చనక్కరలేదు. జీవితకాలమని వ్రాసి సంతకము చేసిన కాగితము కూడ ఇచ్చినవాని చేతిలోనే యుండునని తెలిసికొనిన చాలును.

అయితే ఈ హోదాలు నిలువవు గనుక వాటిని విడువుడని మాత్రమే మేము చెప్పుటలేదు. ఒకవేళ అవి నిలిచినను, ఆ పరుగు మన హృదయమును ఏమి చేయునో విచారింపవలెను.

మొదటిది, అది మన కాలమును దొంగిలించును. సంవత్సరాంతమున లెక్క ముగియవచ్చినప్పుడు, కొద్ది మైళ్ళు తక్కువైనవాడు పని లేకున్నను టిక్కెట్టు కొని, ఒక ఊరికి పోయి, విమానాశ్రయము దాటి బయటికి రాకుండనే తిరుగు విమానమెక్కుట కలదు. లెక్క కొరకు చేయు ఇట్టి ప్రయాణమునకు ఇంగ్లీషువారు ఒక పేరు కూడ పెట్టియున్నారు. చూడ వలసినవారు లేరు, చేయవలసిన పని లేదు. అంకె పెరిగిన చాలును. అదే డిసెంబరు నెలలో చిత్తూరులో ఒక ముసలి తండ్రి టెలిఫోను దగ్గర కూర్చుండి, "పండుగకు వస్తావా నాయనా?" అని అడుగుచున్నాడనుకొనుడి. కుమారుడు, "ఈ ఏడు సెలవు లేదు నాయనా, వచ్చే ఏడు చూస్తాము" అనుచున్నాడు. సెలవు లేకపోవుట నిజమైన యెడల తండ్రి అర్థము చేసికొనును. సెలవు దినములు మైళ్ళకు ఖర్చైపోయి లేకపోయిన యెడల, ఆ మాటకు దేవుని యెదుట ఏమి జవాబు? రేపు ఫలాని పట్టణమునకు పోయి లాభము సంపాదింతుమని చెప్పువారిని యాకోబు మందలించి, వారి జీవము కొంతసేపు కనబడి మాయమగు ఆవిరి వంటిదని జ్ఞాపకము చేయుచున్నాడు. ఆ తండ్రి జీవము కూడ ఆవిరియే. వచ్చే ఏడు విమానముండును. ఆయన యుండునో లేదో ఎవరికి తెలియును?

రెండవది, అది మన కన్నులను మార్చును. యాకోబు తన పత్రిక రెండవ అధ్యాయములో ఒక సంఘకూటమును చూపుచున్నాడు. బంగారు ఉంగరము పెట్టుకొని మంచి బట్టలు కట్టుకొన్నవాడు వచ్చును. అతనికి మంచి చోటు. మాసిన బట్టల బీదవాడు వచ్చును. అతనికి కాళ్ళ దగ్గర చోటు. ఇట్లు భేదము చేయుట పాపమని అపొస్తలుడు నిష్కర్షగా చెప్పుచున్నాడు. విమానాశ్రయములో రెండు వరుసలుండుట సంస్థ ఏర్పాటు. వ్యాపారము చేయువారు తమ లాభమును చూచుకొందురు. కాని ఆ వరుసలు మన మనస్సులోనికి వచ్చి, అక్కడ నుండి దేవుని మందిరములోనికి వచ్చుట మన పాపము. చిన్న వరుసలో నిలుచుట అలవాటైనవాడు ప్రభువు బల్లయొద్ద కూడ తన ముందు నున్నవారిని చూచి విసుగుకొనుట నేర్చుకొనును.

మదరాసు విమానాశ్రయములో ఆ రెండవ వరుసలో ఎవరున్నారో ఒకసారి చూడుడి. అట్టపెట్టెకు త్రాడు కట్టుకొని, పాసుపోర్టును కొంగున ముడివేసికొని నిలిచియున్న సహోదరి మన ప్రాంతపు మనిషియే. రాయచోటి, రాజంపేట, పీలేరు ప్రాంతముల నుండి ఇంటిపనికై కువైటునకు పోవు స్త్రీలు ఎందరో యున్నారు. ఆమెకు అంతస్తు ఏదియు లేదు సరికదా, బయలుదేరుటకే అడ్డంకులు. పదవ తరగతి దాటనివారు కువైటు వంటి కొన్ని దేశములకు పనికి పోవలెనన్న ప్రభుత్వపు వలస అనుమతి పొందవలెను. ఇంటిపనికి పోవు స్త్రీకి ముప్పది ఏండ్లు నిండియుండవలెను. ఈ నియమములు ఆమెను కాపాడుటకే; కాని వాటిని చదివి చెప్పువాడు లేక అనేకులు దళారి చేతిలో పడుచున్నారు. మదరాసు నుండి కువైటునకు రమారమి 2,400 మైళ్ళు. రెండేండ్లకొకసారి ఇంటికి వచ్చిపోవు ఆ సహోదరి పది లక్షల మైళ్ళు కూడబెట్టవలెనన్న నాలుగు వందల ఏండ్లకు పైగా పట్టును! ఈ లోకపు లెక్కపుస్తకములో ఆమె పేరు ఎన్నడును పై అంతస్తున ఎక్కదు. కాని తన పిల్లల చదువు కొరకు పరాయి ఇంట కన్నీటితో ప్రార్థించుచున్న ఆమె ప్రయాణమును దేవుడు లెక్కింపలేదని ఎవరు చెప్పగలరు?

మూడవది, ఆ పరుగు మన ధైర్యమును తప్పు చోట నిలుపును. పౌలు రోమాకు పోయిన ఓడప్రయాణమును అపొస్తలుల కార్యములు ఇరువదియేడవ అధ్యాయములో చదువుడి. ఆ ఓడలో 276 మంది యుండిరి. శతాధిపతి యున్నాడు, ఓడ యజమానుడున్నాడు, నావికులున్నారు, సైనికులున్నారు, సంకెళ్ళతో ఖైదీలున్నారు. పౌలు మాటకంటె ఓడ యజమానుని మాటకే ఎక్కువ విలువ దొరికెను. తుపాను లేచినప్పుడు సరుకులు సముద్రములో పారవేయబడెను. ఆ తరువాత ఓడ సామగ్రియు పోయెను. చివరకు ఓడయే బ్రద్దలాయెను. ఈదగలవారు ఈదిరి, కడమవారు పలకలు పట్టుకొని ఒడ్డు చేరిరి. ఆ పలకలమీద మొదటి తరగతి ఏది, చివరి తరగతి ఏది? ఆ రాత్రి అందరికి ధైర్యము చెప్పినవాడు ఏ హోదాయు లేని ఖైదీ. తాను ఎవనివాడో, ఎవనిని సేవించుచున్నాడో అతనికి తెలియును. మరణము, వ్యాధి, వియోగము అను తుపానులలో మన చేతికి దొరకు పలక ఏది?

ఇక్కడ ఒకరు, పౌలు కూడ తన రోమా పౌరత్వమును వాడుకొనెను గదా, అని అడుగవచ్చును. వాడుకొనెను. అయితే ఎప్పుడు, ఎందుకు వాడుకొనెనో గమనింపుడి. ఫిలిప్పీలో అతనిని బట్టలు లాగి బెత్తములతో కొట్టి చెరసాలలో వేసిరి. మధ్యరాత్రివేళ అతడు కీర్తనలు పాడెను. తెల్లవారిన తరువాతనే తన పౌరత్వమును బయలుపరచి, అధికారులే వచ్చి తమ్మును వెలుపలికి తీసికొని పోవలెనని పట్టుపట్టెను. వెళ్ళకముందు లూదియ యింటికి పోయి సహోదరులను ఆదరించెను. తాను వెళ్ళిన పిమ్మట ఆ క్రొత్త సంఘమును పట్టణపు అధికారులు చులకనగా చూడకుండ నుండుటకు ఆ హోదా అక్కరకు వచ్చియుండును. హోదా పౌలు చేతిలో ఒక పనిముట్టు. పౌలు దాని చేతిలో పనిముట్టు కాలేదు. అదే ఫిలిప్పీ సంఘమునకు వ్రాయుచు, తన పుట్టుక, గోత్రము, చదువు, నీతి అను లాభములన్నిటిని క్రీస్తు కొరకు నష్టముగా ఎంచుకొన్న సంగతి చెప్పెను. రోమా పౌరత్వమును బట్టి అతిశయించు ఆ పట్టణపువారికి మన పౌరస్థితి పరలోకమందున్నదని బోధించెను.

ఆ పౌరస్థితి మనకు ఎట్లు వచ్చును? ఇదియే మన ధ్యానము యొక్క మూలము. మైళ్ళు కూడబెట్టి కాదు. సొమ్ము పోసి కాదు. ఇన్ని ఆరాధనలకు వచ్చితిని, ఇన్ని కానుకలిచ్చితిని అని లెక్క చూపించి కాదు. పౌలు చెప్పిన జవాబే మన జవాబు: అది పుట్టుకతో వచ్చినది. పైనుండి జన్మించినవాడు దేవుని రాజ్యమునకు పౌరుడగును. దాని వెల కల్వరిలో మరియొకరు చెల్లించిరి. అమెరికాలో ఇంజనీరు పని చేయు సహోదరునికిని, కువైటులో వంటపాత్రలు తోము సహోదరికిని అది ఒక్కటే. అక్కడ వెండి, బంగారము అను అంతస్తులు లేవు. ఏడాదికొకసారి తిరిగి సంపాదింపనక్కరలేదు. ఇచ్చినవాడు మూతపడడు, మరియొకనిలో కలిసిపోడు, హద్దురాతిని జరుపడు. డెబ్బదిమంది శిష్యులు తమ ప్రయాణము నుండి తిరిగివచ్చి తాము సాధించినదానిని చెప్పుకొని సంతోషించినప్పుడు, ప్రభువు వారి సంతోషమును పరలోకములో వ్రాయబడిన వారి పేరులవైపునకు త్రిప్పెను. అంకెలలో కాదు, పేరులో సంతోషింపవలెనని నేర్పెను.

ఇట్టి పౌరస్థితి గలవాడు ప్రయాణము మానుకొనడు. వేరొక కారణమునకు ప్రయాణించును. మన ప్రాంతమునకు సువార్త ఎట్లు వచ్చినదో జ్ఞాపకము చేసికొనుడి. జేకబ్ చాంబర్లేన్ దొర అమెరికా నుండి ఓడలో బయలుదేరి ఈ దేశమునకు వచ్చినప్పుడు సూయజు కాలువ ఇంకను తెరువబడలేదు. అది తెరువబడినది 1869లో. ఆయన మదనపల్లెలో నెలకొని, 1863లో నైజాము రాజ్యము మీదుగా గోదావరి ప్రాంతపు అడవుల వరకు రమారమి 1,200 మైళ్ళు సువార్త చెప్పుచు ప్రయాణము చేసెను. జ్వరములు, వరదలు, పులులు గల దారి అది. వైద్యము చేసెను, వాక్యము చెప్పెను, తెలుగు బైబిలు పరిష్కరణలో పాలుపొందెను. 1908లో మదనపల్లెలోనే ప్రభునందు నిద్రించెను. ఆ 1,200 మైళ్ళను ఏ సంస్థయు ఆయన పేర జమకట్టలేదు. పది లక్షల మైళ్ళు తిరిగి విశ్రాంతి గదిలో ఒక కుర్చీ సంపాదించినవాని ప్రయాణము పెద్దదా, ఈ ప్రయాణము పెద్దదా? మీరే చెప్పుడి.

కాబట్టి, ప్రియులారా, అడిగినవారికి మా జవాబు ఇది. పనిని బట్టి వచ్చిన హోదాను కృతజ్ఞతతో వాడుకొనుడి. దానిని పొందుటకై పనిలేని ప్రయాణము ఒక్కటియు చేయకుడి. ఎక్కువ వెల టిక్కెట్టును హోదా కొరకు కొనకముందు, ఆ తేడా సొమ్ము ఇంటిలో ఎవరి మందులకు, ఎవరి చదువునకు అక్కరయో చూచుకొనుడి. పోగైన మైళ్ళున్న యెడల అవి పాతపడకముందే తలిదండ్రుల టిక్కెట్టునకు ఖర్చు పెట్టుడి. మైళ్ళకు దానికంటె మంచి ఖర్చు లేదు. విశ్రాంతి గదికి తోడుగా ఒకరిని తీసికొనిపోవు హక్కు ఉన్న యెడల, ప్రక్క వరుసలో అలసియున్న ముసలివానిని పిలుచుకొనిపొండి. మీ సంఘములో ఒక సహోదరి గల్ఫునకు పోవుచున్నదని తెలిసిన యెడల, చదువుకొన్న మీరు ఆమె కాగితములు చదివి చూడుడి. వలస అనుమతి యున్నదో లేదో, ప్రభుత్వపు ప్రవాసీ భారతీయ బీమా యోజన క్రింద పది లక్షల రూపాయల బీమా చేయబడినదో లేదో విచారింపుడి. ఒక గంట పని. ఆ గంటకు మైళ్ళు రావు. అయినను మిక్కిలి అల్పులైన తన సహోదరులకు చేసినదానిని తనకు చేసినట్లే లెక్కించుకొను ప్రభువు దానిని మరువడు.

మనలో ప్రతివాడును ఒక దినమున చివరి ప్రయాణమునకు బయలుదేరవలెను. అక్కడ సామాను లేదు, కార్డు లేదు, వరుస లేదు. అక్కడ అడుగబడునది ఎంత దూరము తిరిగితివని కాదు. నీవు ఎవనివాడవు అని. ఆ ప్రశ్నకు జవాబు ఈ దినమే సిద్ధపరచుకొన్నవాడు ధన్యుడు.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, కొనుక్కొనలేని పౌరత్వమును నీ కుమారుని రక్తముచేత మాకు ఉచితముగా ఇచ్చితివి గనుక నీకు స్తోత్రము. దూర దేశములలో నున్న మా కుమారులను, కుమార్తెలను, ఇండ్లలో పాటుపడుచున్న మా సహోదరీలను కాపాడుము. వారి రాకకొరకు ఎదురుచూచు ముసలి తలిదండ్రులను ఆదరించుము. మా దినములు లెక్కించుట మాకు నేర్పి, మేము చేయు ప్రతి ప్రయాణమును ప్రేమ కొరకైన ప్రయాణముగా చేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.